కాటా చీటీలో తగ్గిన క్వింటా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఎండకు ఓర్చుకుని ముందు వరసల్లో కూర్చున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలూ, ఈ మాటలు ఎక్కువగా మీ కోసమే.

సంఘం వాళ్ళు ‘నువ్వు చేసే పని గురించి ఇరవై నిమిషాలు చెప్పవయ్యా’ అన్నారు. నేను చేసే పని చాలామందికి తెలుసు. ఒంగోలు నుంచి కావలి దాకా హైవే పక్కనున్న లారీ కాటాల్లో ఇండికేటర్లు, వాటికి తగిలించిన కంప్యూటర్లు చూస్తుంటాను. మన సింగరాయకొండకు ఒక పక్క కందుకూరు రోడ్డు, ఇంకో పక్క పాకల సముద్రం, మధ్యలో రైలు, హైవే. కాబట్టి ఇక్కడ తూగని సరుకు లేదు. పొగాకు, శనగలు, ధాన్యం, మిర్చి, చీమకుర్తి రాయి, రొయ్యల మేత, అన్నీ ఎక్కడో ఒక కాటా ఎక్కి దిగాల్సిందే. ఆ కాటా దగ్గర అంకె ఎట్లా పోతుంది, పోయిన అంకెను ఎట్లా పట్టుకోవాలి, ఇదీ ఇవాళ నేను చెప్పబోయేది.

లారీ ప్లాట్‌ఫారం ఎక్కగానే కింద లోడ్ సెల్స్ అనే ఉక్కు ముక్కలు కంటికి కనపడనంత వంగుతాయి. ఆ వంపును ఇండికేటరు పెట్టె కరెంటు కొలతగా తీసుకుని కిలోలుగా చూపిస్తుంది. ఇంతవరకు తూనికలు కొలతల శాఖ వాళ్ళ చూపు ఉంటుంది. ఏటా వచ్చి ప్రామాణిక బాట్లు పెట్టి చూసి ముద్ర వేస్తారు. కానీ ఇండికేటరు నుంచి కంప్యూటరుకు ఒక సన్న కేబుల్ పోతుంది చూశారా, దాని సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రైతు చేతికొచ్చే చీటీ మాత్రం ఆ కేబుల్ దాటి వచ్చిన అంకెతోనే అచ్చవుతుంది.

ఆ కేబుల్ వెళ్ళి చేరేది సీరియల్ పోర్టు. దాని నియమాలను 1960లోనే అమెరికాలో రాశారు, పేరు ఆర్‌ఎస్-232. ఇవాళ ఈ సభలో ఉన్నవాళ్ళలో సగం మంది కంటే పెద్దది. అక్షరాన్ని బిట్లుగా విడగొట్టి, ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి పంపడమే దాని పని. వేగం 2400 అనుకుందాం. మొదలు బిట్టు, చివరి బిట్టు కలిపి అక్షరానికి పది బిట్లు లెక్కన సెకనుకు 240 అక్షరాలు. అంటే ఒక్కో అక్షరానికి నాలుగు మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ.

పిల్లలకు తెలిసేట్టు చెప్తాను. లారీ మీద ఒక మనిషి నిలబడి బస్తాలు కిందికి అందిస్తున్నాడు. కింద ఒక హమాలీ అందుకుని గోడౌన్లో వేసి రావాలి. పైవాడు గడియారం చూసుకుని అందిస్తాడే తప్ప, కిందివాడు వచ్చాడా లేదా అని చూడడు. హమాలీ బీడీకి ఆగితే, లేదా ఇంకో పని మీద ఎవరైనా పిలిస్తే, పైవాడి చేతిలో బస్తా నేలపాలే. మన కంప్యూటరులో హమాలీ ప్రాసెసరు. తెరమీద రాయాలి, డిస్కులో దాచాలి, ప్రింటరుకు పంపాలి. నాలుగు మిల్లీసెకన్లకు ఒకసారి పోర్టు దగ్గరికి రాకపోతే ఒక అక్షరం పోయినట్టే. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ ఆ తర్వాత చాలా కాలం వచ్చిన వాటిలోనూ పోర్టు దగ్గర 8250, 16450 అనే చిప్పులు ఉండేవి. వాటి దగ్గర వచ్చిన అక్షరాన్ని పెట్టుకోవడానికి ఒక్కటంటే ఒక్క చోటే ఉండేది. రెండోది వచ్చేలోపు మొదటిది తియ్యకపోతే రెండోది దాని మీదే కూర్చుంటుంది. దీన్నే ఓవర్‌రన్ అంటారు.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. అంకె పోయిందని ఆ చిప్పుకు తెలుసు. లైన్ స్టేటస్ అనే గదిలో ఒక బిట్టు ఎత్తి ‘నా దగ్గర ఒకటి పోయింది’ అని చెప్తుంది కూడా. ప్రోగ్రాము రాసినవాడు ఆ బిట్టు చూడకపోతే అది చెప్పినా వినేవాడు లేడు.

ఇప్పుడు అసలు కథ. ఊరు పేరు, కాటా పేరు వద్దు. డాస్ ప్రోగ్రాములు నడుస్తున్న రోజులు. శనగల సీజను. ఒక కాటాలో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడి మీద మాటొచ్చింది. ఇండికేటరులో పద్దెనిమిది వేల ఐదొందలు కనపడిన లారీకి చీటీలో 18,400 వచ్చిందని ఒక రైతు గొడవకు దిగాడు. క్వింటా తేడా. అంతకు ముందు కూడా ఒకరిద్దరు ఇట్లాగే అన్నారట. కొనేవాడితో చెయ్యి కలిపి కుర్రాడు నొక్కేస్తున్నాడని అందరి అనుమానం. పగలు ఓనరు కూర్చున్నప్పుడు ఒక్కసారీ రాని తేడా రాత్రే ఎందుకొస్తోంది అనేది వాళ్ళ ప్రశ్న. సబబైన ప్రశ్నే.

ఓనరు నన్ను పిలిచి, ‘లోపం మిషన్లో ఉందా, మనిషిలో ఉందా, అది తేల్చు. మనిషిలో ఉంటే రేపు పొద్దున స్టేషనుకు పోతాం’ అన్నాడు. కుర్రాడు మాత్రం ‘అన్నా, నేను ఎఫ్-5 నొక్కడం తప్ప ఏం చెయ్యలా’ అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

నేను కేబుల్ ముట్టుకోలేదు. ముందు చీటీల పుస్తకం తెప్పించుకున్నాను. కార్బన్ కాపీలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి చీటీ మీద టైము ఉంది. పక్కన ఓనరు పెట్టించిన ఇంకో పద్ధతి ఉంది, చాలా మంచి పద్ధతి. ఇండికేటరులో కనపడిన అంకెను వాచ్‌మన్ విడిగా ఒక నోటుబుక్కులో పెన్నుతో రాస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని నెలన్నర చీటీలు సరిచూశాను. తెల్లారిపోయింది. తేడా ఉన్నవి తొమ్మిది దొరికాయి. అందులో ఐదు చీటీల్లో తక్కువ ఉంది. మిగతా నాలుగింట్లో ఎక్కువ ఉంది!

ఎక్కువ వచ్చిన రైతు వచ్చి గొడవ పెట్టుకోడు గదా. చీటీ మడిచి జేబులో పెట్టుకుని పోతాడు. కొన్నవాడికి వందల లారీల్లో ఒక దాంట్లో క్వింటా తగ్గితే తెలియలేదు. అందుకని తక్కువ వచ్చినవే బయటకొచ్చాయి, దొంగతనంలాగా కనపడ్డాయి. నొక్కేసేవాడు రెండువైపులా నొక్కడు. నా మటుకు కుర్రాడి విషయం అక్కడే తేలిపోయింది. కానీ ఓనరుకు కారణం చూపించాలి.

ఆ తొమ్మిదింటిలో రెండు పోలికలు కనపడ్డాయి. ఒకటి, తొమ్మిదీ వెనకనున్న లారీవే. అంటే ముందు లారీ చీటీ అచ్చయి నిమిషం కూడా కాకముందే తూగినవి. సీజనులో లారీలు రాత్రిపూట బారు కడతాయి, పగలు ఒకటీ అరా వస్తాయి. అందుకే రాత్రి తేడాలు. రెండోది ఇంకా చిత్రం. తొమ్మిదింటిలోనూ అసలు బరువు వందకు దగ్గరలోనే ఉంది. 18,490 లేదా 18,500. 12,690 లేదా 12,700. ఒక్కటి కూడా 12,640 లాంటిది లేదు.

ఆ కాటా పది కిలోల మెట్లతో తూస్తుంది. డ్రైవరు ఇంజను ఆపకపోతే అంకె 18,490కి 18,500కి మధ్య ఊగుతూ ఉంటుంది. ఇండికేటరు ఆ రెండు అంకెల్నీ ఆపకుండా వరసగా పంపుతూనే ఉంటుంది. ఒక్కో తూకానికి ఎనిమిది అక్షరాలు. ముందు ఒక మొదలు గుర్తు, తర్వాత ఆరు అంకెలు, చివర ఒక ముగింపు గుర్తు. అంటే సెకనుకు 30 తూకాలు. ఇప్పుడు బోర్డు మీద రాస్తున్నట్టు ఊహించుకోండి. మొదటి తూకం 018490. తర్వాతది 018500. ప్రోగ్రాము మొదటి దాంట్లో 0184 వరకు చదివింది. అంతలో ప్రింటరుకు ఒక అక్షరం పంపబోయింది. ముందు లారీ చీటీ ఇంకా అచ్చవుతోంది గదా, ప్రింటరు ‘ఆగు, నిండిపోయింది’ అంది. ప్రోగ్రాము నిలబడిపోయింది. ఈలోపు 90, ముగింపు గుర్తు, రెండో తూకం మొదలు గుర్తు, 0185 వచ్చి పోయాయి. లెక్కపెట్టండి, రెండు, ఒకటి, ఒకటి, నాలుగు. ఎనిమిది. ప్రోగ్రాము తిరిగొచ్చి అందుకున్నది మిగిలిన 00, ముగింపు గుర్తు. ముందున్న 0184కు వెనక 00 అతికింది. 018400.

ఆరంకెలూ ఉన్నాయి. మొదలు గుర్తు, ముగింపు గుర్తు ఉన్నాయి. ప్రతి అక్షరం విడిగా చూస్తే నికార్సుగా ఉంది, పారిటీ కూడా సరిపోతుంది. తూకం మాత్రం ఆ లారీ ఎప్పుడూ తూగనిది. ఊగడం తిరగబడి 018500 తర్వాత 018490 వస్తే, ఇదే అతుకు 018590 అవుతుంది. క్వింటా ఎక్కువ. నాలుగు చీటీల సంగతి అదీ.

మరి రోజూ ఎందుకు రాలేదు? ఏడు అక్షరాలో తొమ్మిది అక్షరాలో పోతే పొడవు సరిపోదు, ప్రోగ్రాము ఆ తూకాన్ని వదిలేసి మళ్ళీ చదువుకుంటుంది. సరిగ్గా ఎనిమిది పోతేనే అతుకు కనపడదు. దానికి తోడు అంకె వంద దగ్గర ఊగుతూ ఉండాలి. లేకపోతే 018430, 018440 అతికినా నష్టం లేదు, రెండిట్లో ఏదో ఒకటే వస్తుంది. చిన్న తప్పులకు అడ్డుకట్ట ఉంది, ఒక్క మంచి వేషం వేసుకొచ్చిన తప్పు మాత్రం దాన్ని దాటేసింది. ఈ వృత్తిలో నన్ను భయపెట్టేవి ఇట్లాంటివే. అంకె పూర్తిగా పోతే మనకు తెలుస్తుంది. 18,500 బదులు 1,850 వస్తే చీటీ చింపి మళ్ళీ తూస్తాం. నమ్మేట్టుగా ఉన్న అంకెతోనే చిక్కు.

మర్నాడు ఓనరు ముందే చూపించాను. ఒక లారీని ప్లాట్‌ఫారం మీద ఇంజను నడుస్తుండగా నిలబెట్టాం. ఒక పక్క ప్రింటరుతో పొడవాటి కాయితం అచ్చేయిస్తూ, ఇంకో పక్క కేబుల్‌కు జోడు తీగ వేసి, వచ్చే ప్రతి అక్షరాన్నీ ఇంకో కంప్యూటరులో దాచాను. గంటన్నర పట్టింది. చివరికి ఒక అతుకు పడింది. రెండు కంప్యూటర్ల తెరలు పక్కపక్కన చూసి ఓనరు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుర్రాణ్ణి పిలిచి టీ తెమ్మన్నాడు. మూడు టీలు. మూడోది కుర్రాడికని తర్వాత అర్థమైంది. వాడు ఇప్పుడు అదే వ్యాపారంలో సొంతగా ఉన్నాడు, అంతవరకే చెప్తాను.

ఇక మందు సంగతి. ఇందులో చాలామంది తొందరపడతారు.

మొదటి మందు, హమాలీ అప్పుడప్పుడు వచ్చి చూడ్డం మానేసి, బస్తా దిగిన వెంటనే గంట కొట్టి పిలిచే ఏర్పాటు. దాన్ని ఇంటరప్ట్ అంటారు. గంట మోగగానే ప్రాసెసరు చేతిలో పని వదిలి వచ్చి, అక్షరాన్ని తీసి మెమరీలో ఒక గాదెలో వేసి వెళ్తుంది. ఆ గాదె బఫర్. జీడబ్ల్యూ-బేసిక్‌లో ఇది మామూలుగా 256 అక్షరాలు. రెండో మందు, గోడౌను ముందు అరుగు కట్టడం. 16550ఏ అనే చిప్పులో 16 అక్షరాల అరుగు ఉంది. హమాలీ కాస్త ఆలస్యమైనా బస్తాలు అరుగు మీద ఆగుతాయి. దాని ముందొచ్చిన 16550లో ఆ అరుగు సరిగా పనిచేసేది కాదు, చివర ‘ఏ’ ఉన్నదే మంచిది.

అరుగు ఉన్నా ఎన్ని బస్తాలు చేరాక పిలవాలో మనమే చెప్పాలి. 14 చేరాక పిలవమంటే హమాలీకి పిలుపులు తగ్గుతాయి, సుఖం. కానీ వేగం 1,15,200 ఉంటే అక్షరానికి 87 మైక్రోసెకన్లే. మిగిలిన రెండు చోట్లు నిండడానికి 170 మైక్రోసెకన్లు చాలు. ఆలోపు రాకపోతే మళ్ళీ ఓవర్‌రన్. అదే ఎనిమిదికి పిలవమంటే దాదాపు 700 మైక్రోసెకన్ల వ్యవధి దొరుకుతుంది. విండోస్‌లో పోర్టు సెట్టింగుల్లో ఈ అరుగుకు ఒక జరుపుడు మీట ఉండేది. అక్షరాలు పోతున్నాయంటే నేను ముందు దాన్ని వెనక్కి జరిపి చూసేవాణ్ణి. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టాక బయటి మోడెములు తగిలించుకున్న వాళ్ళకూ ఈ జబ్బే వచ్చింది. పాత చిప్పున్న కంప్యూటరు మోడెము వేగం అందుకోలేక చతికిలపడేది.

మూడో మందు ఫ్లో కంట్రోల్. కిందివాడు చెయ్యెత్తి ‘ఆగవయ్యా’ అంటాడు. విడిగా తీగ వేసి చెప్పొచ్చు, లేదా అక్షరాల్లోనే ఒక ఆగు గుర్తు, ఒక సాగు గుర్తు పంపొచ్చు. మోడెముకు ఇది ప్రాణం. కాటాకు మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే చాలా ఇండికేటర్లకు మనం వేసేది మూడు తీగలే. ఆ ఏర్పాటు ఉన్నా సరే, ఆపి ఉంచిన తూకం పాతది. మనకు కావలసింది ఈ క్షణం తూకం.

పెద్ద బఫర్‌తోనూ ఇదే ప్రమాదం. ఒకచోట అక్షరాలు పోతున్నాయని ఎవరో బఫర్‌ను బాగా పెంచారు. పోవడం ఆగింది. కానీ గాదెలో పాత తూకాలు పేరుకుని, మీట నొక్కితే కొంతసేపటి కిందటి అంకె వచ్చేది. ముందు లారీ బరువు వెనక లారీకి రాసినట్టయింది! పోయిన అంకె కంటే పాత అంకె ఇంకా చెడ్డది. అందుకే మీట నొక్కగానే గాదె ఖాళీ చేసి, కొత్తగా వచ్చిన వాటినే చదవాలి. వరసగా మూడు తూకాలు ఒకటిగా ఉంటేనే రాసుకోవాలి. ఓవర్‌రన్ బిట్టు లేస్తే అప్పటిదాకా చదివింది పారెయ్యాలి. ఆ శనగల కాటాలో మేము చేసింది ఇదే, ఒక్క రూపాయి కొత్త సామాను లేకుండా.

వీలైతే ఇంకొకటి, మొత్తం సరిచూసే అంకె. 018500లో అంకెలు కూడితే ఒకటి, ఎనిమిది, ఐదు, మొత్తం 14. ఇండికేటరు తూకం చివర ఆ 14 కూడా పంపిందనుకోండి. అతికిన 018400 కూడితే 13. దొంగ దొరికిపోయాడు. పదో తరగతి కూడా అక్కర్లేదు, మూడో తరగతి లెక్క. 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ అనే ఆయన ఎక్స్‌మోడెమ్ అని ఒక పద్ధతి రాశాడు. 128 అక్షరాలకొక మూట కట్టి, మూట చివర ఇట్లాంటి మొత్తం రాసి పంపడం. అందుకున్నవాడు కూడి చూసి సరిపోతే ‘అందింది’ అంటాడు, లేకపోతే ‘మళ్ళీ పంపు’ అంటాడు. చక్కగా చేశాడు.

ఇంతవరకు చెప్పింది కంప్యూటరు ఆలస్యం వల్ల పోయేవి. తీగ మీదే పాడయ్యేవి వేరే. వాటికి పై మందులు పనిచెయ్యవు, ఈ తేడా తెలియక చాలామంది డబ్బు తగలేస్తారు. చిప్పు ఓవర్‌రన్ చెప్తే లోపం కంప్యూటరులో. ఫ్రేమింగ్ తప్పనో పారిటీ తప్పనో చెప్తే లోపం కేబుల్‌లోనో, రెండు పక్కల వేగం సెట్టింగు కలవకపోవడంలోనో. మన దగ్గర పాకల గాలికి కనెక్టర్ల పిన్నులు పచ్చబడిపోతాయి. పక్కన వెల్డింగ్ షాపు ఉంటే ఆ మెరుపు కేబుల్‌లోకి దిగుతుంది. ఇండికేటరు ఒక ఎర్తు మీద, కంప్యూటరు ఇంకో ఎర్తు మీద ఉంటే వాటి మధ్య తేడా మన సన్న తీగ మీద నుంచే పారుతుంది. ఆర్‌ఎస్-232 తీగను 15 మీటర్లకు మించి లాగొద్దని పాత లెక్క. దూరం ఎక్కువైతే రెండు తీగల మధ్య తేడాను చదివే ఆర్‌ఎస్-485 వెయ్యాలి, అది 1,200 మీటర్ల దాకా పోతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టే సెన్సార్లలో ఇప్పుడు నేను చూస్తున్నవి ఎక్కువగా అవే. వాటి మీద నడిచే మోడ్‌బస్ 1979 నాటిది, మనం చెప్పుకున్న కూడిక కంటే గట్టిదైన సరిచూపు అంకె దాంట్లో ప్రతి మూట చివరా ఉంటుంది.

ఇప్పటి కంప్యూటర్లకు సీరియల్ పోర్టే లేదు, యూఎస్‌బీ ముక్క తగిలిస్తున్నాం. అందులో లాభం ఉంది, అరుగు పెద్దది. కానీ అక్షరాలు వచ్చినవి వచ్చినట్టు కాకుండా కాసేపు ఆగి గుంపుగా వస్తాయి. కొన్నిట్లో ఆ ఆగడం మామూలుగా 16 మిల్లీసెకన్లు. కంప్యూటరు కరెంటు పొదుపు కోసం ఆ ముక్కను నిద్రపుచ్చితే మొదటి తూకం గోవిందా. ఆ పొదుపు ఆపించండి. నకిలీ చిప్పుల గొడవ ఒకటి. 2014లో ఒక చిప్పు కంపెనీ వదిలిన డ్రైవరు విండోస్ అప్‌డేట్‌తో పాటు వచ్చి, నకిలీ ముక్కల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి పారేసింది. కొన్నవాళ్ళకు అది నకిలీదని తెలియనే తెలియదు, పొద్దున్నే పోర్టు మాయం.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి, మాస్టారు గడియారం చూస్తున్నారు. పిల్లలూ, సభ అయ్యాక సైన్సు గదిలో బల్ల మీద రెండు పాత కార్డులు, ఒక ఇండికేటరు పెట్టాను. ఒకటి 16450, ఒకటి 16550ఏ. తొమ్మిది పిన్నుల కనెక్టరులో 2, 3 పిన్నుల్ని ఒక పేపరు క్లిప్పుతో కలిపితే మీరు కొట్టిన అక్షరం మీకే తిరిగొస్తుంది. ఎవరి పేరు ఎంత వేగంలో విరగకుండా తిరిగొస్తుందో రెండు కార్డుల మీదా కొట్టి చూడండి.